మా తాలూకా వానలెక్క

రాయదుర్గం నుంచి ఈశాన్యంగా కణేకల్లు దారి పట్టి పోతే వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. ఆ ఏటిని మా వైపు అందరూ హగరి అనే అంటారు. ఏడాదిలో చాలా నెలలు అందులో నీళ్ళుండవు, ఇసుకే ఉంటుంది. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ఆ ఇసుక ఏట్లోంచి కొట్టుకొచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పొలాల మీద పరుచుకుంటుంది. దర్గాహొన్నూరు దగ్గర దిబ్బలు చూసిన కొత్తవాళ్ళు, సినిమాల్లో చూపించే రాజస్థాన్ ఇక్కడే ఉందా అని ఆశ్చర్యపోతారు. నేను పుట్టి పెరిగింది ఆ చుట్టుపక్కలే. 1970లలో, మండలాలు ఇంకా రాకముందు, తాలూకాలు నడిచిన రోజుల్లో.

ఆ గాలిని గురించి ముందుగా చెప్పాలి. జ్యేష్ఠం చివర్లో మొదలైతే శ్రావణం దాకా విడవదు. కొట్టాల మీది బోద పీకేస్తుంది. తలుపు తీసి పెట్టి అన్నం తింటే కంచంలో దుమ్ము పడుతుంది. ఆ గాలి మీదే నల్లటి మబ్బులు వచ్చేవి. పిల్లలమంతా మిద్దె ఎక్కి చూస్తుండేవాళ్ళం. పడమటి దిక్కునుంచి వరసపెట్టి వచ్చి, మా ఊరిమీద కాసేపు నీడ పరిచి, తూర్పుకు సాగిపోయేవి. నాలుగు చినుకులు రాలితే రాలినట్టు, లేకపోతే అదీ లేదు. అవ్వ పంచలో కూర్చుని తలెత్తి చూసి, "ఈ మబ్బులు మనవి కాదులేరా, ఎవురికో పోతాండాయి" అనేది. ఆ ఎవరో ఎక్కడుంటారో నాకు తెలియదు గానీ వాళ్ళమీద అసూయగా ఉండేది.

అవ్వకు నెలలు, తేదీలు పట్టేవి కావు. ఆమె ఏడాదంతా కార్తెల్లో నడిచేది. రోళ్ళు పగిలే రోహిణి, చల్లబడే మృగశిర, ఆ తర్వాత ఆరుద్ర. అవి ముంగారి రోజులు. ఉత్తర, హస్త, చిత్త వచ్చేసరికి హింగారి మీద ఆశ. ఏ కార్తెలో ఏం చల్లాలి, ఏ కార్తె దాటిపోతే ఏ విత్తనం మళ్ళీ గాదెలో పోసుకోవాలి, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. వాన పడిన మర్నాడు మా చిన్నాయన చేనికి పోయి, మట్టి తవ్వి చేత్తో కొలిచి చూసేవాడు. ఇంటికొచ్చి బెత్తెడు పదును అనో జానెడు పదును అనో చెప్పేవాడు. జానెడు దిగకపోతే గొర్రు కట్టేవాళ్ళు కాదు. ఎంత వాన పడిందని మా ఇంట్లో అడిగితే వచ్చే మొదటి జవాబు అది.

రెండో జవాబు మా నాయన దగ్గర ఉండేది. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. ఆఫీసు ఆవరణలో ఒక మూల, మేకలు రాకుండా ముళ్ళకంప వేసిన చోట, సిమెంటు దిమ్మెలో సగం పాతిన డబ్బా ఒకటి ఉండేది. పైన ఇత్తడి అంచున్న గరాటు, దాని నోరు 5 అంగుళాల వెడల్పు, నేల నుంచి అడుగెత్తున. లోపల సీసా. గరాటులో పడిన నీళ్ళు సీసాలోకి దిగుతాయి. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ నీళ్ళను గీతలున్న గాజు గొట్టంలో పోసి మిల్లీమీటర్లలో చదివి పుస్తకంలో రాయాలి. దాన్ని అందరూ రెయిన్ గేజి అనేవాళ్ళు. ఆ పని అటెండరు చేయవచ్చు, గుమాస్తాయే చేయాలని లేదు. కానీ నాయన దాన్ని ఎవరి చేతా పెట్టలేదు. ఆదివారాలు, పండగలు కూడా స్నానం చేసి అక్కడికి పోయేవాడు. బడి లేని రోజు నన్ను వెంట తీసుకుపోయేవాడు.

గాజుగొట్టంలో నీళ్ళు చదవడం ఒక విద్య. నీటి అంచులు గాజును పట్టుకుని కొంచెం పైకి పాకుతాయి, నడుమ పల్లంగా ఉంటుంది. ఆ పల్లం దగ్గర చదవాలి. కన్ను నీటిమట్టానికి సరిగ్గా రావాలి. మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప అది కుదరదు. నాయన తెల్లపంచె మట్టయినా లెక్కచేయకుండా కూర్చునేవాడు. ఎనిమిదిన్నరే ఎందుకని అడిగితే, దేశమంతటా అదే గంటకు చూస్తారని చెప్పేవాడు. గ్రీనిచ్ కాలమానం ప్రకారం అది సరిగ్గా మూడు గంటలు. మన గడియారం వాళ్ళకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కదా. ఆ లెక్క ఆయన నాకు నేలమీద పుల్లతో గీసి చూపించాడు.

ఎక్కువ రోజులు సీసా ఎండిపోయి ఉండేది. దుమ్ము, ఒకోసారి ఎండిన ఆకు, ఒకోసారి చచ్చిన చీమలు. అయినా పుస్తకం తీసి సున్నా రాసేవాడు. వాన లేదని ఆకాశం చూస్తేనే తెలుస్తోంది కదా, ఇంతదూరం నడిచి రావడం ఎందుకని అడిగాను. "సున్నా కూడా లెక్కేరా. సున్నా రాయలేదంటే ఆ పొద్దు ఎవురూ చూడలేదని అర్థం" అన్నాడు. ఒక జూలై పుట మొత్తం సున్నాలతో నిండడం నాకు గుర్తుంది. ప్రతి సున్నా కింద ఆయన చిన్న సంతకం.

వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లయినా పడితేనే అది వర్షపు రోజు. మా అనంతపురం జిల్లాలో అలాంటి రోజులు సగటున ఏడాదికి నలభైకి మించవు. మొత్తం వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అందులో సుమారు 340 నైరుతి రుతుపవనాలది, 155 దాకా ఈశాన్య రుతుపవనాలది, మిగిలిన కాస్తా ఎండాకాలపు ఉరుముల వాన. చిన్నాయనకు మిల్లీమీటర్లంటే నమ్మకం లేదు. "నీ గాజుగొట్టం ఏమన్నా చెప్పనీ అన్నా, నా చేన్లో బెత్తెడు కూడా దిగలేదు" అనేవాడు. నాయన కోప్పడేవాడు కాదు. తాలూకాఫీసు దగ్గర పడిన వాన ఊరవతల పడకపోవచ్చు. రెండూ నిజమే.

బడిలో మా సోషల్ మాస్టరు బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి దాన్ని అడ్డంగా ఐదు పట్టీలుగా విడగొట్టారు. నడుమ కర్కటరేఖకు మకరరేఖకు మధ్య అత్యుష్ణ మండలం, దానికి పైనా కిందా సమశీతోష్ణ మండలాలు, రెండు కొసల్లో అతిశీతల మండలాలు. సూర్యకిరణాలు ఎక్కడ నిట్టనిలువుగా పడతాయో, ఎక్కడ ఏటవాలుగా పడతాయో, దాన్నిబట్టి ఈ పట్టీలు. ఈ విభజన చాలా పాతది. రెండు వేల ఏళ్ళకు ముందే గ్రీకులు భూమిని ఇలా ఐదు పట్టీలు చేశారు. నడిమి పట్టీలో వేడికి మనుషులు బతకలేరని అరిస్టాటిల్ కాలంలో నమ్మేవారు. మేమంతా బతకలేని చోట బతుకుతున్న వాళ్ళమని తెలిసి క్లాసులో పిల్లలం గర్వపడ్డాం. ఆ గుండ్రం నాకు బాగా నచ్చింది. ఉడుపి ప్రయాణం జరిగేదాకా దాన్లో లోపమేమీ కనపడలేదు.

ఆ ప్రయాణం శ్రావణ మాసంలో. అవ్వకు ఎప్పటిదో మొక్కు. నాయన సెలవు పెట్టి అందరినీ బయలుదేరదీశాడు. రాయదుర్గంలో బస్సెక్కితే మొలకాల్మూరు, చళ్ళకెరె, చిత్రదుర్గం. అంతదాకా కిటికీలోంచి కనపడినదంతా మా ఊరే. ఎర్రనేల, బండరాళ్ళ గుట్టలు, తుమ్మ, రేగు, బలుసు కంపలు, శెనక్కాయ చేలు, గొర్రెల మందలు. ఇళ్ళన్నీ మా ఇళ్ళలాగే చదునైన మిద్దెలు, పైన చౌడు మట్టి పరిచినవి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చౌడు తెచ్చి పైన వేసుకుంటే ఆ మిద్దె కురవదు. కురవడానికి వాన ఉండాలి కదా.

హొళల్కెరె దాటాక చెట్లు ఎత్తయ్యాయి. శివమొగ్గ దగ్గర చెరుకు తోటలు, వరి మళ్ళు, వక్కతోటలు. తుంగ నది నిండుగా ఎర్రగా పారుతోంది. వంతెన మీద నాయన కిటికీలోంచి చెయ్యి చాచి, "ఈ నీళ్ళే తుంగభద్ర డ్యాములో చేరి, ఎగువ కాలువలో మన కణేకల్లుకు వచ్చేది" అని చూపించాడు. అవ్వ చేతులు జోడించింది. తీర్థహళ్ళిలో చిన్న బస్సుకు మారాం. అక్కడినుంచి వాన. ఆగుంబె దగ్గరపడేకొద్దీ అది మా ఊరి వానలాగా వచ్చి పోయేది కాదు, పొద్దున మొదలై అలాగే పడుతూ ఉండేది. అడవిలో ఆకాశం కనపడలేదు. మా వైపు చెట్లకు చిన్న చిన్న ఆకులు, ముళ్ళు. అక్కడ ఆకులు అరచేతికన్నా వెడల్పు, మెరుస్తూ, కొసలోంచి నీళ్ళు కారుస్తూ. మాను కనపడకుండా నాచు. పొలాల్లో ఆడవాళ్ళు ఆకులతో అల్లి, తల నుంచి నడుము దాకా కప్పుకునే గొడుగుల్లాంటివి వేసుకుని నాట్లు వేస్తున్నారు. మన ఉత్తరాంధ్రలో గిడుగు అంటారే, అలాంటివి. ఇళ్ళకు చదును మిద్దె ఒక్కటీ లేదు. అన్నీ నిటారుగా వాలిన పెంకుటికప్పులే.

ఘాటు దిగుతుంటే కిందనుంచి మబ్బులు పైకి వచ్చి బస్సులోకి దూరాయి. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన మబ్బులన్నీ ఈడనే కురుస్తాండాయి గదరా" అంది. తెలియకుండానే ఆమె వానచాటు ప్రాంతం అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పేసింది. అరేబియా సముద్రం మీద నుంచి వచ్చే తడిగాలి పడమటి కనుమలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి అక్కడే కురుస్తుంది. ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటుతుంది. కొండ దాటి ఇవతల దిగిన గాలి వేడెక్కి పొడిబారుతుంది. మాకు మిగిలేది దుమ్ము, నీడ. ఇక బంగాళాఖాతం మీదినుంచి వచ్చే ఈశాన్య రుతుపవనం నెల్లూరు, చిత్తూరు వైపు ముందు కురిసి, మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. రెండు సముద్రాలకూ దూరంగా, రెండు వానలకూ కొసన ఉన్నాం.

తిరిగొచ్చాక మాస్టారిని అడిగాను. ఉడుపీ మనమూ ఒకే అత్యుష్ణ మండలంలోనే కదా, సూర్యుడు ఇద్దరికీ ఒకేలా కాస్తాడు కదా, మరి ఇంత తేడా ఏమిటని. ఆయన నన్ను తిట్టలేదు. "పెద్ద చదువుల్లో ఉంటుంది, అప్పుడు చదువుకో" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నాను.

డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ లైబ్రరీలో భూగోళశాస్త్రం పుస్తకంలో ఒక పటం చూశాను. ప్రపంచమంతా పట్టీలుగా కాక, మచ్చలు మచ్చలుగా రంగులు. దక్షిణ భారతం నడుమ, పడమటి కనుమలకు తూర్పుగా, నిలువునా ఒక మచ్చ. దాని మీద రాసిన అక్షరాలు బి ఎస్ హెచ్. అది మేమే. ఆ పటం వెనక మనిషి వ్లాదిమిర్ కోపెన్.

కోపెన్ 1846లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జర్మన్ కుటుంబంలో పుట్టాడు. బాల్యంలో కొంతకాలం క్రిమియాలో గడిచింది. బడి సింఫెరోపోల్ పట్టణంలో, అటు ఉత్తరాన చెట్టూ చేమా లేని గడ్డిమైదానం. వాళ్ళ ఎస్టేటు కొండలకు దక్షిణాన నల్లసముద్రం ఒడ్డున, ద్రాక్షతోటలు, సైప్రస్ చెట్లు ఉన్న వెచ్చటి తీరంలో. బడికీ ఇంటికీ మధ్య కొండలు దాటినప్పుడల్లా చెట్లు మారడం ఆ పిల్లవాడు చూశాడు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. నేను రాయదుర్గం బస్సులో చూసినదే ఆయన క్రిమియా కొండల్లో చూశాడు. ఆయన దాన్ని వదలకుండా పట్టుకుని పెద్ద చదువులకు వృక్షశాస్త్రమే తీసుకున్నాడు. మొక్కల పెరుగుదల మీద వేడి ప్రభావాన్ని గురించి రాసి 1870లో లైప్జిగ్‌లో డాక్టరేటు పొందాడు. 1875లో హాంబర్గ్‌లోని జర్మన్ నావికా వాతావరణ సంస్థలో చేరాడు. మన దేశంలో వాతావరణ శాఖ మొదలైందీ ఆ ఏడాదే.

ఆయన పద్ధతిలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోచేది ఒక్కటే. వాతావరణాన్ని చెట్టును అడిగి తెలుసుకోవాలన్నాడు. ఒకచోట ఎలాంటి చెట్లు తమంతట తాము బతుకుతున్నాయో చూస్తే, అక్కడి ఎండావానల సారమంతా అందులో ఉంటుంది. 1874లో ఆల్ఫాన్స్ ద కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కలను వేడినీ తడినీ బట్టి ఐదు గుంపులు చేశాడు. 1900లో కోపెన్ ఆ ఐదింటినీ తీసుకుని వాతావరణ మండలాలకు ఏ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టాడు. అన్నింటికన్నా చల్లటి నెల సగటు కూడా 18 డిగ్రీలకు తగ్గకపోతే ఏ. అన్నింటికన్నా వెచ్చటి నెల కూడా 10 డిగ్రీలు దాటకపోతే ఇ, అక్కడ చెట్టు మొలవదు. సి, డి నడిమివి. ఊటీ సి లోకి వస్తుంది. ఆ నాలుగూ వేడిని బట్టి. బి మాత్రం వేరు, అది దాహాన్ని బట్టి. అందుకే లెక్క చేసేవాళ్ళు ముందు బి అవునా కాదా అని చూసి, తర్వాతే మిగతా అక్షరాలకు పోవాలి.

ఆ దాహం లెక్క పిల్లలు కూడా చేయగలరు. ఏడాది సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించాలి. వానలో నూటికి 70 వంతులు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపల పడితే దానికి 280 కలపాలి, ఎండ ముదిరినప్పుడు పడిన నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి కనుక. వాన రెండు అర్ధభాగాల్లోనూ పంచుకుని పడితే 140 చాలు. చలికాలంలోనే పడితే ఏమీ కలపనక్కర్లేదు. వచ్చిన అంకెకన్నా మీ ఊరి వాన తక్కువైతే మీది బి. అందులో సగం కన్నా కూడా తక్కువైతే ఎడారి. మా అనంతపురం సగటు సుమారు 28 డిగ్రీలు. 20తో గుణిస్తే 560. మా వాన ఆ 70 వంతుల గీటు దగ్గరే ఊగుతుంది గనుక రెండు విధాలా వేసి చూద్దాం, 840 అవుతుంది లేదా 700 అవుతుంది. సగం 420 లేదా 350. మా 550 ఎటు వేసినా ఆ రెంటి మధ్యే పడుతుంది. అర్ధశుష్క మండలం. బి ఎస్ లో ఎస్ స్టెప్పీకి గుర్తు, క్రిమియా ఉత్తరాన కోపెన్ చిన్నప్పుడు చూసిన గడ్డిమైదానం లాంటి నేలకు. హెచ్ అంటే వేడి ప్రాంతమని.

ఉడుపి ఏ గుంపులోది, అందులో ఎం రకం. చలికాలంలో అక్కడా నెలల తరబడి వాన ఉండదు. అయినా వానాకాలంలో పడిన నీళ్ళు నేలలో ఎంతగా ఇంకి ఉంటాయంటే, ఆ ఎండు నెలల్లోనూ అడవి పచ్చగానే నిలుస్తుంది. కోపెన్ దానికీ సూత్రం రాశాడు. ఆ సూత్రం చదివాక ఆగుంబె చెట్ల నాచు నాకు అర్థమైంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జైసల్మేరు తర్వాత దేశంలో తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఉపన్యాసాల్లో, పత్రికల్లో, చివరికి మా వాళ్ళ నోట కూడా అదే. ఆ మాట విన్నవాళ్ళకు అనంతపురమంటే ఎడారి అనిపిస్తుంది. జైసల్మేరులో ఏడాదికి పడేది ఇంచుమించు 200 మిల్లీమీటర్లు. కోపెన్ లెక్కలో అది ఎడారి గీటుకు ఎంతో కింద ఉంది. మాకు దానికి రెండింతలకు పైగా పడుతుంది. హగరి దిబ్బలు ఏటి ఇసుకను గాలి మోసుకొచ్చి పోసినవి, వాన లేక పుట్టినవి కావు. మాది ఎడారి కాదు. ఆశించినంత పచ్చగా లేని కోస్తా కూడా కాదు. దానికంటూ ఒక ధర్మమున్న మండలం. గడ్డినేల, గొర్రె, జింక, పొరుగున పాత కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట, చింత, వేప, కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ. ఇవన్నీ 550 మిల్లీమీటర్లతో బతకడం నేర్చినవే.

అవ్వ కాలంలో చేన్లో ఒక్క పంట ఉండేది కాదు. సజ్జలో కంది, జొన్నలో అనుములు, అలసందలు, చుట్టూ ఆముదాలు. ఒకటి పోతే ఒకటి నిలిచేది. ముంగారి తప్పితే హింగారికి ఉలవ చల్లేవాళ్ళు. నా కళ్ళముందే అది పోయి ఎటు చూసినా శెనక్కాయే అయింది. చేతికి డబ్బు వచ్చే పంట, నూనె మిల్లులు దగ్గర. రైతును తప్పుపట్టలేను. కానీ జిల్లా సాగుభూమిలో ఎక్కువ భాగం ఒకే పంట అయ్యాక, ఊడలు దిగే వేళకు మూడు వారాలు బెట్ట వచ్చిందంటే జిల్లా మొత్తం ఒకేసారి మునిగేది. కోపెన్ పద్ధతిలో పెద్ద కొరత కూడా అక్కడే ఉంది. నెల సగటు చూస్తుంది గానీ, ఆ నెలలో వాన ఏ రోజు పడిందో చూడదు. ఆగస్టులో పడవలసినదంతా 2వ తేదీన ఒక్క రాత్రి పడి, తర్వాత నెలాఖరు దాకా సున్నాలే అయినా పటంలో రంగు మారదు. నాయన పుస్తకంలో అది కనపడేది. చిన్నాయన బెత్తెలో ఇంకా బాగా కనపడేది.

ఆ కొరత తీర్చడానికి తర్వాతివాళ్ళు చాలా ప్రయత్నం చేశారు. 1948లో అమెరికాలో థార్న్‌త్‌వెయిట్ వేరే దారి పట్టాడు. వాన జమ, నేలనుంచీ ఆకులనుంచీ ఆవిరై పోయేది ఖర్చు, మిగులూ తరుగూ చూసి మండలం తేల్చాలన్నాడు. ఆ పద్ధతిలో మొత్తం భారతదేశపు నీటి జమాఖర్చు లెక్కకట్టి 1950లలో ప్రకటించింది వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది. దాని పూర్తిపేరులోనే అర్ధశుష్క ఉష్ణమండలాలన్న మాట ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని పంటలు. నాగపూరులోని జాతీయ నేలల సర్వే సంస్థ 1992లో దేశాన్ని 20 వ్యవసాయ పర్యావరణ ప్రాంతాలుగా విడగొట్టింది. అది పైరు పెరగడానికి తడి నిలిచే రోజులు లెక్కపెట్టింది. ఆ రోజులు 90 లోపే కనుక మమ్మల్నీ బళ్ళారినీ వేడి శుష్క ప్రాంతంలో పెట్టింది. కోపెన్ అర్ధశుష్కమన్నచోటే వీళ్ళు శుష్కమన్నారు. నేల అదే, వాన అదే. దేన్ని కొలిచారో దాన్నిబట్టి గీత జరుగుతుంది. రైతుకు పనికొచ్చేది 90 రోజుల లెక్క అని నా అభిప్రాయం.

కోపెన్ తన గీతలను తానే మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకున్నాడు, 1918లో ఒకసారి, 1936లో చివరిగా. 1940లో 93 ఏళ్ళ వయసులో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పోయాడు. ఖండాలు కదులుతాయని చెప్పిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఆయన అల్లుడే. తర్వాత రుడాల్ఫ్ గైగర్ ఆ పటాన్ని కొనసాగించాడు, అందుకే ఇప్పుడు ఇద్దరి పేర్లూ కలిపి చెబుతారు. 2007లో పీల్, ఫిన్లేసన్, మెక్‌మాన్ అనే ముగ్గురు ఆస్ట్రేలియాలో దాన్ని కొత్తగా గీశారు. ప్రపంచ భూభాగంలో నూటికి 30 వంతులు బి అని తేలింది. ఐదింట్లో అదే పెద్దది. ఆ పటానికి వాళ్ళు వాడిన వానకొలతల కేంద్రాలు 12,396.

ఆ అంకె చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టాను. పన్నెండు వేల పైచిలుకు చోట్ల ఎవరో ఒకరు రోజూ పొద్దున్నే పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు చదివి, నీళ్ళు లేకపోతే సున్నా రాశారు. ఏళ్ళ తరబడి రాశారు. వాతావరణ సగటు తేలాలంటే కనీసం 30 ఏళ్ళ లెక్క కావాలంటారు. మా తాలూకా పుస్తకం ఆ పటం దాకా చేరిందో లేదో తెలుసుకునే దారి లేదు. చేరే యోగ్యత మాత్రం దానికి ఉంది. నాయన రిటైరయ్యేనాటికి తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ తర్వాత తనంతట తానే కొలిచి పంపే యంత్రాలు వచ్చాయి. మంచిదే. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో కోపెన్ గీతలు జరుగుతున్నాయా అని అందరూ చూస్తున్నారు. జరిగాయని చెప్పాలంటే నిన్నటి లెక్కా ఇవాళ్టి లెక్కా రెండూ తప్పులేకుండా ఉండాలి.

సోషల్ చెప్పే పంతుళ్ళకూ పంతులమ్మలకూ ఒక విన్నపం. ఐదు పట్టీల గుండ్రం గీశాక అక్కడితో ఆపకండి. మీ మండల కేంద్రంలో వానకొలత ఎక్కడ ఉందో కనుక్కుని పిల్లలను ఒక పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడికి తీసుకుపోండి. మీ ఊరి పన్నెండు నెలల వానా వేడీ సంపాదించి, 20తో గుణించి, మీ అక్షరం ఏదో వాళ్ళచేతే తేల్పించండి, ఒక క్లాసు చాలు. అలాగే ఆ గేజి చుట్టూ ఏముందో కూడా చూడండి. దాని దగ్గర చెట్టు నాటనివ్వకండి, గోడ కట్టనివ్వకండి. ఏదున్నా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి, లేకపోతే గరాటులో పడేది సరైన వాన కాదు.